తిరిగొచ్చిన దొప్ప

ఏరువాక పున్నమికి కాపురానికి వచ్చిన దుర్గకు సూర్యలంకలో ఇదే మొదటి కార్తీక పున్నమి. చంద్రుడు పైకొచ్చాడు. పొద్దున్నే రావాల్సిన మొగుడి పడవ మాత్రం ఇంకా రాలేదు.

అరటి దొప్పలో దీపం వెలిగించి, అతణ్ని తలుచుకుని సముద్రంలో వదిలింది. అల దాన్ని ఆర్పేసి, తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పడేసింది. మళ్లీ వెలిగించి వదిలింది. మళ్లీ వెనక్కే వచ్చింది.

"అత్తా, గంగమ్మ నా దీపం తీసుకోవట్లేదు! ఆయనకేమైనా..." దుర్గ ఏడ్చేసింది.

అత్త పేరంటాలు తడి దొప్పను ఎత్తి కోడలి చేతిలో పెట్టింది.

"ఏడవకే. పోటు మొదలైంది, ఒడ్డుకు తేవడమే దాని పని. మీ మామ కోసం నేను వదిలిన దీపాన్ని ఆ తల్లి మొదటిసారికే తీసేసుకుంది. మనిషిని మాత్రం తిరిగివ్వలేదు."