కళ్ళు పెట్టిన గోడ

సత్తెనపల్లి పొలిమేరలో కట్టిన కొత్త బడి హాల్లో, మనిషి చరిత్రంతా గోడ మీద బొమ్మలుగా వేస్తున్నాడు హయాత్. నిప్పు రాజేసే గుహవాసి, సారె తిప్పే కుమ్మరి, అమరావతి స్తూపం చెక్కే శిల్పి, చివర సెల్‌ఫోన్ పట్టుకున్న ఈ కాలపు మనిషి. బొమ్మకు కళ్ళు పెడితే ప్రాణం పోసినట్టేనని, ఆ పని మనది కాదని హయాత్ వాళ్ళ నాన్న చెప్పేవాడు. అందుకే కళ్ళు మాత్రం ఎప్పుడూ తోటి పెయింటర్ ప్రసన్నకుమారే పెట్టేవాడు. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే నిచ్చెన.

"కుంచెలు హాల్లోనే వదిలేశావు, పోయి తెచ్చుకోరా" అని ప్రసన్న ఫోన్ చేస్తే, చీకటి పడ్డాక ఒక్కడే వచ్చాడు హయాత్. పక్క కళ్ళంలో ఆరబోసిన మిర్చి ఘాటుకు దగ్గాడు.

గోడ వైపు నుంచి ఇంకెవరో దగ్గారు.

సెల్ లైటు వేశాడు. అన్ని బొమ్మలకీ కళ్ళొచ్చాయి. గుహవాసి నిప్పును చూడటం లేదు, కుమ్మరి కుండను చూడటం లేదు. అందరూ హయాత్‌నే చూస్తున్నారు. చివరి మనిషి ఉండాల్సిన చోట తెల్లగోడే మిగిలింది.

వెంటనే ప్రసన్నకు ఫోన్ చేశాడు. "ఒరేయ్ ప్రసన్నా, ఆ చివరి బొమ్మేదిరా?"

"కళ్ళు పెట్టగానే దిగి వెళ్ళిపోయాడురా. ఆ చోటు ఖాళీగా ఉండకూడదంట. నువ్వో నేనో నిలబడాలన్నారు."

"ఎవరన్నార్రా?"

"నాకు చిన్నపిల్లలున్నారురా, హయాతూ..."

బయట గడియ పడింది. తలుపు అవతలే ప్రసన్న ఏడుపు వినిపించింది.