కోసిన తాడు

డైవింగ్ సెంటర్ ఆఫీసులోకి ఇంజనీరు తడి చెప్పులతోనే దూసుకొచ్చాడు. చేతిలో తెగిన తాడు ముక్క. దాన్ని మేనేజరమ్మ బల్ల మీద విసిరికొట్టాడు.

“మీ గైడు చేసిన ఘనకార్యం చూడండి!”

వెనకే భార్య, ఆ వెనక గైడు వచ్చారు. గైడు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఉద్యోగం ఊడుతుందని భయం కాబోలు, అనుకున్నాడు ఇంజనీరు. ఊడాలి మరి. ఊడగొట్టకుండా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు.

కోపం రాదా? అతను లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. ఇరవై ఏళ్ళుగా తాళ్ళూ కొక్కేలే లోకం. సముద్రం అడుగున ప్రవాహం లాక్కుపోకుండా రాతికి తగిలించుకునే కొక్కెం కోసం మూడు వారాలు దుకాణాల చుట్టూ తిరిగాడు. రెండు కొక్కేలది వద్దన్నాడు. ఒకటి తీసేలోగా రెండోది ఇరుక్కుంటుంది. సన్న కడ్డీది ఒంగిపోతుందన్నాడు. చివరికి మందపాటి స్టీలుది, గ్లవ్స్ వేసుకున్న చేత్తో కూడా ఒక్క లాగుకి ఊడే క్లిప్పున్నది దొరికింది. దాని తాడు అటూ ఇటూ మడతలు పెట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, మొన లోపలికి ఉండేలా కుడి జేబులో సర్దాడు. అంగుళం తాడు కూడా బయటికి వేలాడనివ్వలేదు. పొద్దున పడవలో ఈ గైడే చూసి, “ఇలా ఉండాలి సార్” అని మెచ్చుకున్నాడు.

అలా మెచ్చుకున్నవాడే గంట తిరక్కుండా కోసేశాడు.

“బతికున్న పగడానికి తగిలించొద్దన్నాడు. తగిలించలేదు. అక్కడ రాళ్ళన్నీ పాచి పట్టి జారుతున్నాయని, పాత ఇనుము చూసి మరీ తగిలించాను. ప్రవాహం ఎంత గుంజినా పట్టు వదల్లేదు. పన్నెండు నిమిషాలు గాలిపటంలా తేలాను! వెనక రాతి దగ్గరున్న ఈ పెద్దమనిషి ముందుకొచ్చి ఒక్క చూపు చూశాడు. అంతే, కత్తి తీశాడు!”

“సార్, అది...” అన్నాడు గైడు.

“నువ్వు మాట్లాడకు! రెండు వేళ్ళతో తీస్తే ఊడొచ్చేది. కొక్కెం అక్కడే వదిలేసి నన్ను దొంగని ఈడ్చినట్టు ఈడ్చుకుపోయాడు. పడవెక్కగానే సరంగు చెవిలో ఏదో ఊదాడు. అతనేమో లంగరు తాడు కోసేశాడు! తాళ్ళు కోసే పిచ్చి మీ అందరికీ ఉందా?”

“ఏమండీ, దారి పొడుగునా ఆయన ఏదో చెప్పాలని చూస్తున్నాడు. ఒక్క నిమిషం వినండి” అంది భార్య.

“నువ్వూరుకో. తప్పు చేసినవాడు కట్టుకథలు కాక ఇంకేం చెప్తాడు?”

గైడు బల్ల మీది నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు.

“ఇప్పుడేం చెయ్యమంటారు సార్?” అంది మేనేజరమ్మ.

“ఇవాళే దిగి నా కొక్కెం తెచ్చివ్వాలి. చేతకాదంటే చెప్పండి, నేనే దిగి లాక్కొచ్చుకుంటా.”

“దేనికి తగిలించారో కాస్త గీసి చూపిస్తారా?” ఆమె కాగితం ముందుకు జరిపింది.

ఇంజనీరు పెన్ను లాక్కున్నాడు. అంత కోపంలోనూ గీత వంకర పోలేదు. పెద్ద బానంత ఇనుప గుండు. దాని చుట్టూ బెత్తెడేసి కొమ్ములు. ఒక కొమ్ముకి తన కొక్కెం.

“చూడండి, కొక్కెం తగిలించడానికే చేసినట్టు లేదూ?”

మేనేజరమ్మ బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే ఫోనెత్తి, “నేవీ ఆఫీసా? పాత యుద్ధం నాటి బాంబు ఒకటి అడుగున పేలకుండా ఉంది, పడవలన్నీ ఆపించండి, మా అతిథి కొక్కెం ఇంకా దాని కొమ్ముకే తగులుకుని ఉంది” అంది.