గంపగుత్త బేరం

లక్ష్మక్క గంప దించకముందే ఆమె వచ్చి నిలబడింది.

ఐదు వారాలుగా ఇదే తంతు. ప్రతి ఆదివారం హిందూపురం రైతుబజారులో జనం ఇంకా పలచగా ఉండగానే ఆమె వస్తుంది. ముప్పై ఐదేళ్లుంటాయి. పేరు వనిత. బేరమాడదు. ఆకు లేతదో ముదురుదో చూడదు.

"అంతా ఇచ్చెయ్యవ్వా" అంటుంది.

చుక్కాకు, మెంతాకు, పాలాకు, కొత్తిమీర. గంపలో ఉన్నదంతా రెండు గోనెసంచుల్లో కుక్కుకుని, స్కూటీకి కట్టుకుని వెళ్లిపోతుంది.

మొదట్లో లక్ష్మక్కకు సంబరంగానే ఉంది. లేపాక్షి అవతలి పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చి, ఎండ ముదరకముందే ఇల్లు చేరుతోంది. ఇంట్లో మనవరాలు శ్రుతి ఎదురు చూస్తూ ఉంటుంది.

పక్కన వంకాయలు అమ్మే నాగేంద్రమ్మకే ఈ వ్యవహారం నచ్చలేదు.

"ఒక్కతి అంత ఆకు ఏం జేసుకుంటాదక్కా? హోటలా, మెస్సా? నేను కనుక్కున్యా. ఇంట్లో మొగుడూ పెండ్లామూ ఇద్దరే."

"ఏమో, యాడన్నా పెండ్లిండ్లకు పంపుతాదేమో."

"నా తాన ఒక్క వంకాయ కొన్నెది లేదు. ఆ మూల మెంతాకు తాజాగా ఉండాది, దాని దిక్కు చూడదు. నీ మడి ఆకే కావల్ల ఆయమ్మకు. ఏందో ఉండాది. బద్రం."

ఆ మాట లక్ష్మక్క మనసులో ముల్లులా దిగింది. అప్పటి నుంచి వనితను పరీక్షగా చూడసాగింది. ఆమె కళ్లలోకి చూసి మాట్లాడదు. కట్టలు లెక్క కూడా పెట్టుకోదు. వెళ్లేముందు ప్రతిసారీ ఒకటే అడుగుతుంది.

"ఈ వారం ఇంకెవరికన్నా ఇచ్చినావా అవ్వా?"

లేదంటే అమ్మయ్య అని సంచులు ఎత్తుకుంటుంది.

ఆ వారంలోనే లక్ష్మక్క గొర్రెలు రెండు చచ్చిన పిల్లల్ని ఈనాయి. శ్రుతి కడుపునొప్పని రెండు రోజులు బడికి పోలేదు. ఆ మనిషి కన్ను పడ్డాకే ఇదంతా అనిపించింది లక్ష్మక్కకు. శ్రుతికి దిష్టి తీసి, ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. దాంతో భయం ఇంకా పెరిగింది.

ఆరో ఆదివారం వనిత రాలేదు.

తొమ్మిదయింది. లక్ష్మక్కకు ప్రాణం తేలికపడింది. కట్టలు విప్పి నీళ్లు చల్లింది. కడుపుతో ఉన్న ఒకమ్మాయి వచ్చి ముందర కూర్చుంది. ప్రమోద అని, సంతలో అందరికీ తెలిసిన పిల్లే.

"పుల్లగా తినబుద్ధయితాందవ్వా. చుక్కాకు నాలుగు కట్టలియ్యి."

"ఏడో నెలా తల్లీ? తిను, తిను. మంచిది" అంటూ ఇంకో కట్ట ఊరికే వేసింది లక్ష్మక్క.

ప్రమోద పది అడుగులు వేసిందో లేదో, వనిత పరిగెత్తుకుంటూ వచ్చింది. తల మీది హెల్మెట్ కూడా తియ్యలేదు.

"ఎవరికిచ్చినావు? ఎవరికిచ్చినావవ్వా?"

లక్ష్మక్క చెయ్యి అప్రయత్నంగా గేటు వైపు లేచింది. వనిత ఒక్క ఉదుటున వెళ్లి ప్రమోద చేతిలోని సంచి లాక్కుంది. ఆకుకట్టలు కింద చెల్లాచెదరుగా పడ్డాయి.

"ఏందక్కా ఇది? పిచ్చి పట్టిందా నీకు?" ప్రమోద కడుపు పట్టుకుని వెనక్కి జరిగింది.

"వేరే వాళ్ల తాన కొనుక్కో తల్లీ. నీ కాళ్లు మొక్కుతా. ఇది వద్దు."

సంత సంతంతా నిలబడి చూస్తోంది. వనిత కింద పడ్డవన్నీ ఏరుకుంది. వెనక్కి వచ్చి, మిగిలిందంతా సంచుల్లో కుక్కుకుని స్కూటీ ఎక్కింది.

ఇక లక్ష్మక్క ఊరుకోలేకపోయింది. గంప నాగేంద్రమ్మకు అప్పజెప్పి, గేటు దగ్గరున్న ఆటో ఎక్కింది.

"ఏమప్పా, ఆ స్కూటీ ఎనకాల పోనీ."

ఊరు దాటింది. పెనుకొండ రోడ్డు మీద కొంతదూరం పోయాక, స్కూటీ పాడుబడ్డ రాళ్ల క్వారీ వైపు తిరిగింది. లక్ష్మక్క ఆటో దిగి నడిచింది. అక్కడ మనుషుల అలికిడి లేదు.

క్వారీ పక్కన పెద్ద గుంత. మేకలు దిగకుండా చుట్టూ ముళ్లకంప. లోపల వారాల తరబడి కుళ్లిన ఆకు నల్లగా ముద్దకట్టి ఉంది. తాను నీళ్లు పెట్టి, కలుపు తీసి, తెల్లవారుజామున కోసి కట్టలు కట్టిన ఆకు. వనిత సంచులు గుంతలోకి బోర్లించి, పారతో మట్టి కప్పుతోంది.

లక్ష్మక్క ముళ్లకంప దాకా వెళ్లి అరిచింది.

"తినే ఆకును మట్టిలో పూడుస్తాండావా? నీకు నేనేం పాపం చేసినా?"

వనిత పార కింద పెట్టి ఆమె వైపు తిరిగింది.

"ఆ ఆకు ఎవరూ తినగూడదవ్వా. నువ్వూ, నీ మనవరాలూ కూడా. మీ చేని పక్క ఫ్యాక్టరీ నీళ్లు మీ బోరులోకి దిగినాయి. అది విషం."

లక్ష్మక్క ఒక్క క్షణం బిత్తరపోయి చూసింది. తర్వాత నవ్వేసింది.

"ఓస్, ఇదా నీ బయం! మాకూ ఉండె తల్లీ. రెండు నెల్లు ఆ నీళ్లు ముట్టుకోలే. శ్రుతికని లేపాక్షి నుంచి బిందెలు మోసినా. మళ్ల ఎవురో సార్లొచ్చి, నీళ్లు సీసాల్లో పట్టుకపోయి పరీచ్చ చేయించినారు. బాగుండాయని కాగితం వచ్చె. పంచాయితీ గోడకు అంటించినారు. ఆ పొద్దు నుంచే బిడ్డకు ఆ నీళ్లు తాపుతాండా. సదువుకున్నోళ్లు అబద్ధం రాస్తారా?"



పంచాయితీ గోడ మీది ఆ కాగితంలో, 'ఈ నీరు తాగుటకు, సాగుకు యోగ్యము' అన్న వాక్యం కింద ఉన్న సంతకం వనితది.