మసకగా ఉన్నట్టుంది

"సీసాలో నీళ్లు మసకగా ఉన్నాయా, లేవా? ఒక్క మాట చెప్పమ్మా," అన్నాడు జిల్లా వైద్యశాఖ ఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి పద్మనాభయ్య.

నర్సు జయశీల చేతులు కట్టుకుని నిలబడింది. "ఉన్నాయండి."

"మరి ఆ రోజు డాక్టరుతో ఏమని చెప్పినావు?"

"మసకగా ఉన్నట్టుందండి, నాకే అట్టా కనిపిస్తోందేమో, అన్నానండి."

ఆయన ఆ మాటల్ని ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. బయట వరండాలో హజరత్తయ్య గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. అతని పెళ్లాం మాలకొండమ్మకు కాన్పైన అయిదో రోజున, నీరసంగా ఉందని పట్టపుపాళెం నుంచి బండిలో ఈ ఆసుపత్రికి తెచ్చి చేర్చినాడు. ఆ సీసాలోని సెలైను ఎక్కించిన గంటకల్లా వణుకు పుట్టింది. పొద్దు గూకకముందే ప్రాణం పోయింది. బిడ్డకు ఇవాళ్టికి తొమ్మిదో రోజు.

కాంపౌండరు ఓబులేసును అంతకుముందే అడిగినారు. ఆ రోజు డాక్టరు జయశీల మాట విని, ఏమయ్యా అని తనవైపు చూసినాడని, "శుభ్రంగా ఉంది సార్, ఎక్కించొచ్చు" అని తాను అన్నానని చెప్పినాడు. సీసాను వెలుతురులో పెట్టి చూసినావా అంటే చూడలేదన్నాడు. ఆ మాటా అంతే ధీమాగా అన్నాడు.

"అతను తెలియకపోయినా గట్టిగా చెప్పినాడు. నువ్వు తెలిసీ నసిగినావు," అన్నాడు పద్మనాభయ్య. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ. "ఎక్కించొద్దు అని ఒక్క మాట అనుంటే ఆ మనిషి బతికేది గదమ్మా. ఎందుకనలేదు?"

జయశీల ఏడవలేదు. నాలుగు రోజులుగా ఆమెకు ఏడుపు రావడం లేదు, ఆకలీ తెలియడం లేదు. సంచిలోంచి ఒక కవరు తీసి బల్లమీద పెట్టింది. నిరుడు, అరవై ఒకటిలో, ఇంకో ఊళ్లో డాక్టరు రాసిన మందు మోతాదు తప్పని, తాను ఇవ్వనని చెప్పినందుకు వచ్చిన మెమో అంది. మోతాదు నిజంగానే తప్పు. డాక్టరే తర్వాత దిద్దుకున్నాడు. మెమో మాత్రం వచ్చింది.

ఇంగ్లీషులో టైపు చేసిన రెండు కాగితాలు. పద్మనాభయ్య మొదటిది చదివి, పక్కనున్న గుమాస్తాకు తెలుగులో చెప్పినాడు. ఆడ సిబ్బంది పైవాళ్ల ఎదుట 'ఇది తప్పు' అని తెగేసి చెప్పకూడదు. 'అట్లా అనిపిస్తోంది' అని వినయంగా విన్నవించుకోవాలి. ఇంకోసారి ఇట్లా జరిగితే ఉద్యోగం ఉండదు.

ఆయన ముఖం ఎర్రబడింది. "దీనివల్ల ఒక ప్రాణం పోయింది. ఎవరమ్మా ఇది రాసింది? ముందు అతని మీద రాస్తాను నేను."

జయశీల రెండో కాగితం పైకి తీసి, అడుగున సంతకం పక్కన వేలు పెట్టింది.

"తమరేననుకుంటానండి."