తొమ్మిదో అంతస్తులో గాలి

"మన టవర్‌లో ఫ్లాట్లన్నీ అమ్ముడైపోయాయి సత్యా," అన్నాడు ప్రవీణ్ ఫోన్లో.

శ్రీసత్య చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది. పెళ్లయి మూడు నెలలు. రాజమండ్రిలో గోదావరికి ఎదురుగా లేచిన ఆ పధ్నాలుగు అంతస్తుల టవర్‌లో వాళ్లది తొమ్మిదో అంతస్తు. కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆ అంతస్తు మొత్తానికి వాళ్లిద్దరే. లిఫ్టు దిగితే తన చెప్పుల చప్పుడే తనకి వినిపించేది. ఇక పక్కింటివాళ్లు వస్తారు. కరివేపాకు అయిపోతే కొట్టడానికి ఓ తలుపుంటుంది. ఆ సంబరంలో పెనం మీద పెసరట్టు మాడిపోయినా ఆమెకి నవ్వే వచ్చింది.

ఆ ఇల్లంటే అంత పిచ్చి ఆమెకి. గోదావరి వైపు ఒక కిటికీ, తూర్పు వైపు ఇంకో కిటికీ. ఒకదాంట్లోంచి వచ్చిన గాలి ఇల్లంతా తిరిగి రెండోదాంట్లోంచి పోయేది. పడమటెండ లోపలికి రాకుండా వెడల్పాటి సన్‌షేడ్లు. పెనుగొండ దగ్గర పుట్టింటి డాబాలో వేసవంతా తడిగుడ్డ కప్పుకుని పడుకున్న పిల్ల, ఇక్కడ రోహిణి కార్తెలో కూడా ఏసీ వెయ్యలేదు. స్నానాల నీళ్లు శుభ్రమై బాల్కనీలో మొక్కల పంపులోకి వచ్చేవి. ఆ నీళ్లతోనే బచ్చలి తీగ పెంచింది. అది రెయిలింగ్ అందుకున్న రోజు మొగుడికి నాలుగు ఫొటోలు పంపింది.

ప్రవీణ్‌ది కొత్త ఉద్యోగం. మార్కెటింగ్. కంపెనీ పేరు ఏవో మూడు ఇంగ్లీషు అక్షరాలు. వాళ్లు దిగేసరికే ఇంట్లో సోఫా, మంచం, కర్టెన్లు అన్నీ అమర్చి ఉన్నాయి. తన కోసమేనని మురిసిపోయింది. అద్దెదా, సొంతమా అని అడిగితే, "మనదే అనుకో," అని నవ్వాడు. గోడకి మేకు మాత్రం కొట్టనివ్వలేదు. సున్నపు పూత గోడలు ఊపిరి పీలుస్తాయట, వాటిని పొడవకూడదట. పెళ్లి ఫొటో ఇంకా బీరువా పక్కన నేలమీదే ఉంది.

ఆదివారాలు కొత్త కాపురం చూడ్డానికి ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. అంతా ప్రవీణ్‌కి తెలిసినవాళ్లు. ఒకాయన బాత్రూమ్‌లో పంపులన్నీ తిప్పి చూశాడు. ఒకావిడ అల్మరాలు తెరిచి మూసింది. కొత్త కాపురమంటే అందరికీ ఆరాటమే కదా అనుకునేది శ్రీసత్య. వచ్చినవాళ్లని ఎందుకొచ్చారని అడగడం వాళ్లింట్లో ఎవరూ నేర్పలేదు. ముందు మంచినీళ్లు, తర్వాత పెసరట్టు, ఆపైన కాఫీ. కాఫీతోపాటు ఆమె గాలి కబుర్లు.

సంపూర్ణమ్మగారు అలాగే వచ్చారు, కొడుకుతో. ఆయాసం మనిషి. హాల్లో చల్లటి నేల మీద పది నిమిషాలు నడుం వాల్చి, గుండె మీద బరువు తీసేసినట్టుందన్నారు.

"మీరూ ఇక్కడికే వచ్చెయ్యండి మామ్మగారూ. మందులు సగం తగ్గిపోతాయి," అంది శ్రీసత్య. మనసారా అంది.

ఆవిడ ఉన్న ఎకరం అమ్మి ఐదో అంతస్తులో కొనుక్కున్నారు.

ప్రవీణ్ ఫోన్ పెట్టేసిన గంటకి ఆవిడే వచ్చి తలుపు కొట్టారు. నిన్ననే తాళాలిచ్చారట. లిఫ్టులో వచ్చినా రొప్పుతున్నారు.

"ఒక్కసారి కిందికి రా అమ్మాయ్."

ఐదో అంతస్తులో ఆ హాలుకి ఒకటే కిటికీ. రెండో వైపు నిండు గోడ, దానికవతల వేరే వాళ్ల ఫ్లాటు. రంగుల వాసన ఇంకా పోలేదు. దేవుడి పటం ముందు అగరువత్తి పొగ కదలకుండా నిలువునా లేచి, శ్లాబు కింద పేరుకుంటోంది. తమ ఇంట్లో అయితే ఆ పొగ పుట్టీ పుట్టకముందే కిటికీ వైపు పరుగెత్తేది.

"కొన్నవాళ్లందరివీ ఇలాగే ఉన్నాయి," అన్నారు సంపూర్ణమ్మగారు. అప్పట్లో ఈ అంతస్తుకి తాళం వేసి ఉందట. అన్నీ తొమ్మిదో అంతస్తులో ఇంటిలాగే ఉంటాయని బిల్డర్ మనుషులు చెప్పారట. "కాగితాలు మా అబ్బాయి చదివాడు. నేను నీ మొహం చూసి సంతకం పెట్టాను."

ఆ మాటకే ఆవిడకి ఆయాసం వచ్చింది. కొంగు చాటు నుంచి ఇన్‌హేలర్ తీసి రెండుసార్లు పీల్చారు. శ్రీసత్య వీపు నిమరబోతే పక్కకి జరిగారు.

లిఫ్టు ఎక్కబుద్ధి కాలేదు. నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చింది శ్రీసత్య. ముఖం కూడా ఎరగని ఆ బిల్డర్ మీద ఒళ్లు మండిపోయింది. తను నమ్మి చెప్పిన మాటని ఎవడో వాడుకున్నాడు. పెద్దావిడ ముందు తనని దొంగని చేశాడు. మధ్యాహ్నం అన్నం వండుకోలేదు. కిటికీలోంచి వస్తున్న ఆ గాలి తగులుతుంటే సిగ్గేసి, రెక్కలు మూసేసింది.

సాయంత్రం ప్రవీణ్ కాజాల డబ్బాతో వచ్చాడు. కిటికీలు మూసేశావేంటి అన్నాడు. ఆమె గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది.

"ఆ బిల్డర్ ఎవరో కనుక్కోండి. రేపే వెళ్లి అడుగుదామండి. ఆ గోడ పడగొట్టి కిటికీ పెట్టించమందాం. కుదరదంటే మన ఇల్లు మామ్మగారికిచ్చేసి, మనం ఐదో అంతస్తుకి దిగిపోదాం. నాకేం, ఊపిరి బాగానే ఆడుతుంది."

ప్రవీణ్ కాజా కొరకబోయి ఆగాడు. తర్వాత లేచి, బీరువా పక్కనున్న పెళ్లి ఫొటో తీసి పాత దుప్పట్లో జాగ్రత్తగా చుట్టడం మొదలుపెట్టాడు.

"రేపు పొద్దున్నే మనం కాకినాడ వెళ్లిపోతున్నాం సత్యా," అన్నాడు ఆమె వైపు చూడకుండా, "అక్కడ మా కంపెనీ కొత్త టవర్‌లో మోడల్ ఫ్లాట్ రెడీ అయింది, ఇక్కడిలాగే కొనడానికి వచ్చినవాళ్లకి నువ్వు పెసరట్టు వేసిపెట్టి, నవ్వుతూ ఆ గాలి కబుర్లు చెబితే చాలన్నారు."