ఎండ్రకాయ అడిగిన వరం

జంతువులకు మాటలొచ్చిన రోజుల్లో ఒక వాగు ఒడ్డున నీలాలు అనే ఎండ్రకాయ ఉండేది. దాని దిగులంతా తన నడక గురించే.

“ఏం మరదలా, ఎటు చూస్తూ ఎటు పోతున్నావ్?” అని కప్ప బావ రోజూ ఆటపట్టించేవాడు. విని విని నీలాలుకు ఒళ్లు మండిపోయింది. ఒకరోజు తడి ఇసుక మీద నిలబడి, రెండు డెక్కలూ జోడించి, దేవుణ్ణి నిలదీసింది.

“సామీ, అన్నీ తెలిసినవాడివంటారే! మరి నా కాళ్లు పెట్టేటప్పుడు ఏం ఆలోచించావయ్యా? అందరికీ ముందుకు నడక, నాకేమో పక్కకా? ఇప్పుడైనా సరిదిద్దు!”

“మరదలా, కొంగ!” అని కప్ప బావ గావుకేక పెట్టాడు.

నీలాలు చూసేసరికి కొంగ ముక్కు ఎదురుగా దూసుకొస్తోంది. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? కాళ్లు వాటంతటవే దాన్ని పక్కకి లాక్కుపోయి బొరియలో పడేశాయి. కొంగ ముక్కు ఉత్త ఇసుకలో కసుక్కున దిగబడింది. అది ముక్కు పీక్కుని, ఏడుపుమొహంతో ఎగిరిపోయింది.

కప్ప బావ వగరుస్తూ బొరియ దగ్గరికొచ్చాడు. “బతికే ఉన్నావా తల్లీ? ముందుకు నడిచి ఉంటే నేరుగా దాని నోట్లోకే పోయేదానివి!”

నీలాలు గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. అయినా నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కన్నీళ్లూ వచ్చాయి. ఆ చీకటి బొరియలోనే ఒదిగి మళ్లీ దండం పెట్టింది.

“సామీ, చల్లగా చూశావు. నాకు అడగడమే తెలుసు, ఏదివ్వాలో నీకు తెలుసు. రేపు మళ్లీ బుద్ధి గడ్డితిని ఇంకేదో అడుగుతానేమో! పట్టించుకోకు, నాయనా. నీకు తోచిందే ఇవ్వు.”