పరుగు ఆగాక కూడా

నక్క తరుముతుంటే కుందేలు ఎండుటాకుల మీద పరుగు తీసింది.

"మన అడుగుల చప్పుడుకే మీరు ఉలిక్కిపడుతున్నారు. మీ గోలలో మాకు దారి తెలియడం లేదు, కాసేపు ఊరుకోండి," అని కళ్లు చెవులను కసిరాయి. న్యాయమేననుకుని చెవులు వెనక్కి వాలి ఊరుకున్నాయి.

కుందేలు ఒక పొదలో దూరి ఆగింది. వెనక ఎండుటాకు చప్పుడైంది.

"నక్క వచ్చేసింది, పదండి," అన్నాయి చెవులు.

ఆ ఒంట్లో కళ్లు ఊ అంటేనే కాళ్లు కదులుతాయి.

"మాకేం కనపడలేదు. ఊరుకోమన్నామా లేదా?" అన్నాయి కళ్లు.

చెవులు భగ్గుమన్నాయి. "పరుగులో ఊరుకోమన్నారు, ఊరుకున్నాం. ఇప్పుడు మన అడుగుల చప్పుడేది? పెత్తనం రుచి మరిగి ఇంకా మా నోరు నొక్కుతారా?"

"కనపడనివ్వండి, అప్పుడు చూద్దాం," అన్నాయి కళ్లు.

నక్క కనపడింది. ముందుగా దాని పళ్లే కనపడ్డాయి.